బాధలో ఒత్తు

ఆమెకు విద్యార్థుల మొహాలు గుర్తుండవు, తప్పులు గుర్తుంటాయి. బజార్లో ఎవరైనా ఎదురుపడి నమస్కారం పెడితే ఒక్క క్షణం తెల్లమొహం వేస్తుంది. ఆ మనిషి నోరు విప్పి, "మేడమ్, నేను గుర్తు లేదా?" అనగానే ఆమె మొహం విప్పారుతుంది. "నువ్వు 'లేదు' వాడివి కదూ? చెప్పులు లేదు, పుస్తకాలు లేదు, పిల్లలు లేదు." అతను ఆమె దగ్గర చదివి పదకొండేళ్ళయింది. పేరేమిటని అడిగితే మాత్రం చెప్పలేదు.

బయటి నుంచి ఉద్యోగాలకు వచ్చిన పెద్దవాళ్ళకు తెలుగు నేర్పే ప్రైవేటు బడి అది. పరుపుల షాపు మీద, రెండో అంతస్తులో ఉంటుంది. నాలుగు గదులు, ఒక కౌంటరు, డైరెక్టరు గారి క్యాబిను. ఏసీ ఆ క్యాబినులో మాత్రమే ఉంది. రాసుకోవడానికి చేతి దగ్గర పలక బిగించిన కుర్చీలు, ఎంత తుడిచినా నిన్నటి పాఠం లీలగా కనపడే తెల్లబోర్డు. ఆమె ఆ బడిలో పంతొమ్మిదేళ్ళుగా పాఠం చెబుతోంది. విద్యార్థులు ఆమెకు పెట్టిన పేరు ఒత్తుల మేడమ్. ఆ పేరు ఆమె చెవిన ఎప్పుడో పడింది. అక్షరాలకు ఒత్తులు పెట్టిస్తుందని ఒక అర్థం, మనుషుల్ని ఒత్తుతుందని ఇంకో అర్థం. రెండూ నిజమేనని ఆమే ఒప్పుకుంటుంది.

ఆమె చేతిసంచిలో ఎప్పుడూ ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంటుంది. బ్యాచికొక పుస్తకం, మనిషికొక పేజీ. ఆ పేజీలో ఆ మనిషి చేసిన తప్పులు తేదీలతో సహా. బ్యాంకు క్యాషియరుకి లోకంలో ప్రతిదీ మగదే. చెప్పుల షాపు మేనేజరు మనుషుల్నీ వస్తువుల్నీ కలిపేస్తాడు. నర్సుకి 'మేము' అనే మాట నోటికి రాదు, అన్నిటికీ 'మనం' అంటుంది.

"మేడమ్, మన హాస్టల్లో మనం ఆరుగురు ఉంటాం" అంది నర్సు ఒకరోజు.

"నేనెప్పుడొచ్చానమ్మా మీ హాస్టలుకి?" అంది ఒత్తుల మేడమ్. "నన్ను కలుపుకుంటే మనం. నన్ను బయట పెడితే మేము. తలుపు దగ్గర నిలబడి ఆలోచించుకో, నేను లోపలున్నానా, బయటున్నానా?"

నర్సు తల ఊపింది. మర్నాడు మళ్ళీ, "మనకు నిన్న చాలా పని" అంది. నోటుబుక్కులో ఇంకో గీత పడింది.

ఏడాది కిందట డైరెక్టరు గారు ఎక్కడో శిక్షణ శిబిరానికి వెళ్ళొచ్చి అభిప్రాయ సేకరణ మొదలుపెట్టారు. కౌంటరు మీద ఒక టాబ్ పెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా స్టీలు గొలుసుతో కట్టారు. నెలలో చివరి శుక్రవారం క్లాసు అయిపోగానే విద్యార్థులు వరసగా నిలబడి అందులో టీచరుకి మార్కులు వేయాలి. తెర మీద అయిదు గుండ్రటి మొహాలుంటాయి. ఏడుపు మొహానికి ఒకటి, నవ్వు మొహానికి అయిదు. కింద రెండు లైన్లు రాయాలి, అదీ తెలుగులోనే. పేరు అక్కర్లేదు. సాయంత్రానికి అవన్నీ బిల్లులు కొట్టే మిషన్లోంచి చిన్న చిన్న చీటీలుగా వచ్చి, చుట్టలు చుట్టుకుపోయి, రబ్బరు బ్యాండుతో టీచరు చేతికి అందుతాయి.

కొత్త కాంట్రాక్టులో ఒక షరతు కూడా చేరింది. సగటు మూడున్నరకు తగ్గకూడదు. వరసగా మూడు నెలలు తగ్గితే ఇంటికే.

అప్పట్నుంచీ బడి తీరు మారిపోయింది. చివరి శుక్రవారం ముందు వారం టీచర్లు ఇంటిపని ఇవ్వడం మానేశారు. డైరెక్టరు గారి మరదలు కొత్తగా చేరింది. క్లాసులో బంతి విసిరి, పట్టుకున్నవాళ్ళని ఒక మాట చెప్పమనేది. అందరూ బంతి మేడమ్ అనేవారు. ఆమె శుక్రవారం శుక్రవారం చాక్లెట్లు పంచేది. ఆమె సగటు నాలుగు పాయింటు తొమ్మిది. ఒత్తుల మేడమ్ ఆ శుక్రవారం కూడా డిక్టేషన్ పెట్టేది. ఆమె సగటు మూడు పాయింటు ఎనిమిది దగ్గర తచ్చాడుతూ ఉండేది.

చీటీలు విప్పి చదువుతుంటే ఆమెకు ఒళ్ళు మండేది.

'ఫ్యాన్ మెల్లగా తిరుగుతున్నాడు.' దీనికి ఏడుపు మొహం.

'కింద బండి పెట్టడానికి చోటు లేరు.' దీనికీ ఏడుపు మొహమే.

'మేడమ్ మంచివాడు. కానీ మేడమ్ ఎప్పుడు నవ్వుతాడు?' దీనికి మూడు.

"ఫ్యాను తిరగకపోతే మార్కులు నాకు తగ్గిస్తారా సార్?" అని ఆమె క్యాబినుకి వెళ్ళి అడిగింది.

"అనుభవాన్ని మొత్తంగా చూడాలి మేడమ్ గారూ" అన్నారు డైరెక్టరు గారు. ఆయనకు యాభై ఏళ్ళు. జేబులో ఎప్పుడూ ఒక ఇంకు పెన్ను ఉంటుంది. తన చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆయన నమ్మకం. నిజంగానే ఉంటుంది.

"నెలంతా నా దగ్గర తప్పులు దిద్దించుకున్నవాళ్ళు, నెలాఖరుకి నన్ను దిద్దుతారన్నమాట."

"ఎవరు రాశారో మనకు తెలియదు కదా. మనసులో పెట్టుకోకండి."

తెలియకపోవడమేమిటి. ఫ్యాను మగవాడైతే క్యాషియరు. చోటు 'లేరు' అంటే చెప్పుల షాపు మేనేజరు. ఆమెకు చీటీ మీద పేరు అవసరం లేదు. తెలిసినా ఊరుకునేది. ఆ ఊరుకోవడం అభిప్రాయ సేకరణ మొదలైన ఏడో నెల వరకే సాగింది.

ఆ నెల పొద్దుటి ఏడున్నర బ్యాచి చీటీలు పదకొండు వచ్చాయి. సగటు మూడు పాయింటు మూడు. మూడింట్లో ఏడుపు మొహాలున్నాయి. వాటిలో ఒకటి ఆమె రెండుసార్లు చదివింది.

'నేను నైట్ డ్యూటీ చేసి వస్తావు. మేడమ్ అందరి ముందు నిలబెడితే మాకు చాలా భాద కలుగుతుంది.'

ఆ బ్యాచిలో పదకొండు మంది. ఏడుగురిని ఒక బ్యాంకు పంపింది. మిగిలిన నలుగురూ ఎవరంతట వాళ్ళు చేరినవాళ్ళు. నైట్ డ్యూటీ చేసి వచ్చేది మాత్రం ఒక్క నర్సే. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. నుదుటి మీద టోపీ అచ్చు ఇంకా పోకముందే, నిద్ర ఆపుకుంటూ రాసుకునేది. ఒత్తుల మేడమ్ ఆ పిల్ల మీద ఎవరి మీదా పెట్టనంత శ్రద్ధ పెట్టింది. క్లాసు అయిపోయాక పావుగంట ఆపి 'మేము' చెప్పింది. అందుకే మంట ఇంకా ఎక్కువైంది.

సోమవారం పొద్దున ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది.

"ఇది ఎవరు రాశారని నేను అడగను" అంది. "రాసిన ధైర్యానికి మెచ్చుకుంటున్నాను. తప్పులు మాత్రం ఎవరో ఒకరు దిద్దాలి కదా. నువ్వు రామ్మా."

నర్సు లేచి వచ్చింది. పెదాలు కదుపుతూ వాక్యం మెల్లగా చదువుకుంది. 'వస్తావు' కొట్టేసి 'వస్తాను' అని రాసింది. తర్వాత చాలాసేపు అలాగే నిలబడింది. వెనక ఎవరో దగ్గారు. చివరికి 'మాకు' కొట్టేసి, పైన 'మనకు' అని రాసింది.

"మనకు బాధ కలుగుతుంది. అంటే నన్నూ కలిపావు. నిజమేలే, నాకూ కలిగింది" అంది ఒత్తుల మేడమ్. క్లాసు నవ్వింది. "రాసేటప్పుడు ఒప్పే రాశావు కదమ్మా. దిద్దమంటే చెడగొట్టావు."

"నేను రాయలేదు మేడమ్."

"ఎవరు రాశారని నేను అడగలేదే."

ఇంకోసారి నవ్వారు. ఒత్తుల మేడమ్ ఎర్ర మార్కరు తీసుకుని 'భాద'ని 'బాధ' చేసి, 'మనకు'ని మళ్ళీ 'మాకు' చేసింది. నర్సు మార్కరుకి మూత పెట్టి, బల్ల మీద ఉంచి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఆ రోజు ఒత్తుల మేడమ్‌కి పదకొండు గంటల టీ మామూలు కంటే రుచిగా అనిపించింది.

ఇంటికెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని ముప్ఫై ఏళ్ళు చేశాడు. ఇప్పుడు మణికట్టు నొప్పితో పూటంతా చెయ్యలేక మధ్యాహ్నానికే ఇంటికొచ్చేస్తున్నాడు. ఇల్లు నడిచేది ఆమె ఉద్యోగం మీదే. ఆ సంగతి ఇద్దరూ పైకి అనుకోరు.

"ఆ పిల్లే రాసిందని నీకెలా తెలుసు?" అన్నాడు ఆయన.

"నైట్ డ్యూటీ అని రాసిందిగా."

"మా షాపుకొచ్చి ఎవడైనా నాకు చూపు ఆనట్లేదంటే మేము నమ్మం. అక్షరాల బోర్డు చదివిస్తాం. వాడు చెప్పింది వేరు, వాడి కన్ను చెప్పేది వేరు."

"మీరు అద్దాలు చూసుకోండి. మనుషుల సంగతి నాకొదిలెయ్యండి."

"నీకు దగ్గరి చూపు బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాడు ఆయన కాఫీ గ్లాసు కడుగుతూ. "దూరమే కాస్త మసక."

మరుసటి నెల సగటు మూడు పాయింటు ఒకటి. చీటీల కట్ట ఇస్తూ డైరెక్టరు గారు నిట్టూర్చారు. "ఇంకొక్క నెల ఉంది మేడమ్ గారూ. కొంచెం నవ్వుతూ ఉండండి."

ఖాళీ క్లాసులో కూర్చుని ఆమె చీటీలు విప్పింది. మామూలు గోలే. ఫ్యాను ఇంకా మగవాడే. అయిదో చీటీ దగ్గర చెయ్యి ఆగింది.

'నైట్ డ్యూటీ వాళ్ళ మీద మేడమ్‌కి జాలి లేదు. మాకు ఇంకా ఎక్కువ భాద అవుతుంది.'

నర్సు మానేసి మూడు వారాలు దాటింది.

ఆమె చీటీలు లెక్కపెట్టింది. పదకొండు. ఆ శుక్రవారం హాజరు పట్టీ తీసి చూసింది. నర్సు మానేసింది, ఇంకో ఇద్దరు సెలవు. క్లాసుకి వచ్చింది ఎనిమిది మంది. తప్పుల్ని బట్టి ఎనిమిది చీటీలకి మనుషులు దొరికారు. మిగతా మూడు విడిగా తీసి వరసగా పెట్టింది. మూడూ ఏడుపు మొహాలే. మూడింటిలోనూ 'భాద' ఉంది. ఒకదాంట్లో 'విధ్యార్థులతో మర్యాదగా మాట్లాడదు' అని కూడా ఉంది.

ఆమె బుర్ర అప్పటికి పనిచేసింది.

బయటి నుంచి వచ్చినవాళ్ళు ఒత్తు పెట్టరు, తీసేస్తారు. 'బాధ'ని 'బాద' అని రాస్తారు. పంతొమ్మిదేళ్ళలో అలా రాసినవాళ్ళని వందలమందిని చూసింది. ఒత్తు ఉందని తెలిసి, అది ఏ అక్షరానికో తెలియక, ముందుదానికి తగిలించేది మనవాళ్ళే. ఆ తప్పు చెయ్యాలంటే తెలుగు ఇంట్లో పుట్టాలి. 'విధ్యార్థి' కూడా అంతే. అసలు ఆమె క్లాసులో 'విద్యార్థి' అనే మాట వాడేవాళ్ళెవరు? అందరూ స్టూడెంట్స్ అంటారు. ఇక 'నేను వస్తావు.' నాలుగో నెల క్లాసులో ఆ తప్పు ఎవరూ చెయ్యరు. బయటివాళ్ళు ఇలా మాట్లాడతారని నాటకాల్లో వెక్కిరించేవాళ్ళు చేసే తప్పు అది. ఎవరో నేర్చుకునేవాళ్ళ వేషం వేశారు. వేషం బాగానే వేశారు కానీ, కింద సొంత చెప్పులు అలాగే ఉంచుకున్నారు.

నోటుబుక్కు తీసి నర్సు పేజీ తిప్పింది. మనం, మనం, మనకు, మన. చివరి లైను తన చేత్తోనే రాసి ఉంది. ఆ సోమవారం తేదీ వేసి, 'మాకు అని ఉన్నదాన్ని మనకు అని దిద్దింది.'

సరిగ్గా రాసినదాన్ని తప్పుగా దిద్దిన మనిషి, దాన్ని ఎలా రాస్తుంది? ఆ మాట తనే అంది, బోర్డు ముందు నిలబడి, అందరి ఎదుట, వెటకారంగా. అని, వినిపించుకోలేదు. జీవితంలో ఒక్కసారి అక్షరాలు చూడకుండా అర్థం చూసింది.

లేచి బయటికొచ్చింది. మెట్ల పక్క గోడ మీద రెండేళ్ళుగా ఒక నోటీసు ఉంది. ముత్యాల్లాంటి చేతిరాత.

'గమనిక: లిఫ్టు పనిచేయనందున విధ్యార్థులకు కలుగు భాదకు చింతిస్తున్నాము. డైరెక్టరు.'

రోజూ దాని పక్క నుంచే ఎక్కి దిగింది. దిద్దుదామని ఒకసారి పెన్ను కూడా తీసింది. ఉద్యోగం చేస్తున్న చోట గోడలు దిద్దకని ఇంట్లో ఆయన చెబితే మానుకుంది.

కౌంటరు దగ్గర రిసెప్షనిస్టు గోళ్ళు కత్తిరించుకుంటోంది.

"అమ్మాయ్, ఈ టాబ్ గొలుసు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"సార్ దగ్గరే మేడమ్. శుక్రవారం అందరూ వెళ్ళాక ఛార్జింగ్ పెట్టాలని క్యాబిన్లోకి తీసుకెళ్తారు. చీటీలు కూడా ఆయన ఇచ్చాకే కొడతాను."

"ఛార్జింగ్ ఇక్కడ పెట్టకూడదా? ప్లగ్గు నీ కాళ్ళ దగ్గరే ఉందిగా."

రిసెప్షనిస్టు వంగి ప్లగ్గు చూసింది. "ఉంది మేడమ్" అంది, ఆ రోజే దాన్ని మొదటిసారి చూసినట్టు.

మరదలికి పొద్దుటి బ్యాచి ఇప్పించుకోవాలని ఆయనకు ఉందని అందరికీ తెలుసు. అది ఒక కారణం. కానీ అంత పగకి అది చాలదు. ఒత్తుల మేడమ్ మెట్ల మీద నిలబడి వెనక్కి వెనక్కి వెళ్ళి వెతికితే ఇంకోటి దొరికింది. ఎనిమిదేళ్ళ కిందట బడి ఈ అంతస్తులోకి మారిన రోజు. అతిథులు వచ్చారు. గుమ్మం మీద కొత్త బోర్డుంది, 'ఉత్తమ భోధన' అని. ఆమె తలెత్తి చూసి, "సార్, 'బోధన'లో మొదటి అక్షరం కింద గీత ఎక్కువైంది" అంది, చాలా మామూలుగా. అతిథులు నవ్వారు. అక్కడికక్కడే పెయింటర్ని పిలిచి, నిచ్చెన వేయించి, అందరూ చూస్తుండగా ఆ గీత చెరిపించారు. డైరెక్టరు గారు నిచ్చెన కింద నిలబడి ఎర్రబడ్డ మొహంతో నవ్వుతూనే ఉన్నారు. ఆమె ఆ సాయంత్రానికే ఆ సంగతి మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు.

ఆ పూట ఇంట్లో భర్త అంతా విన్నాడు.

"రేపెళ్ళి అడిగెయ్" అన్నాడు.

"అడిగితే టైపింగ్ తప్పంటాడు. ఎవరో విద్యార్థి రాశాడంటాడు."

"మరి?"

"మూడో నెల కానివ్వండి."

"మూడో నెల అయితే నీ ఉద్యోగం పోతుంది."

"ఆ ఉద్యోగం తియ్యడానికి ఆయన కాగితం రాయాలి కదా. తన చేత్తో రాయిస్తాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నర్సు పిల్ల సంగతి?"

ఆమె లేచి ఆ పిల్ల నంబరు వెతికింది. ఆ వారం హాస్టలుకి రెండుసార్లు ఫోన్ చేసింది. డ్యూటీలో ఉందన్నారు ఒకసారి, నిద్రపోతోందన్నారు ఇంకోసారి. మూడోసారి చెయ్యలేదు.

ఆ నెలంతా ఆమె ఆ తప్పు కంటపడనట్టే మసలుకుంది. క్లాసు అదే, డిక్టేషన్ అదే. డైరెక్టరు గారు ఎదురైతే నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన, మనిషి దారికొచ్చిందనుకున్నారు. చివరి శుక్రవారం విద్యార్థులందరూ వెళ్ళాక కుర్చీలు సర్దే నెపంతో ఆగి, టాబ్ క్యాబిన్లోకి వెళ్ళడం కళ్ళారా చూసింది.

సగటు రెండు పాయింటు తొమ్మిది. సోమవారం పది గంటలకు క్యాబిన్‌కి పిలుపొచ్చింది.

లోపల డైరెక్టరు గారి ఎదురుగా బ్యాంకు శిక్షణాధికారి కూర్చుని ఉన్నాడు. ఏడుగురిని పంపేది ఆయనే. ఆరేళ్ళ కిందట తనూ ఈ బడిలోనే చదివాడు. బంతి మేడమ్ ఒక పక్క నిలబడి ఉంది. కొత్త టీచర్ని ఆయనకు పరిచయం చెయ్యాలని పిలిపించారన్నమాట. టీపాయ్ మీద బిస్కెట్లు కూడా ఉన్నాయి.

"కూర్చోండి మేడమ్ గారూ. మాక్కూడా కష్టంగానే ఉంది. కానీ అభిప్రాయాలు మన చేతిలో లేవు కదా. ఈ రాజీనామా మీద ఒక సంతకం పెడితే గౌరవంగా ముగుస్తుంది."

"పెడతాను సార్. కాంట్రాక్టులో కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని ఉంది. రెండు ముక్కలు రాసివ్వండి."

"అమ్మాయితో టైపు చేయిస్తాను."

"టైపు ఎందుకు సార్? పంతొమ్మిదేళ్ళు చేశాను. మీ చేతిరాతలో ఒక కాగితం దాచుకుంటాను."

ఆయన బ్యాంకు అధికారి వైపు చూసి చిన్నగా నవ్వారు. జేబులోంచి పెన్ను తీశారు. తెల్లకాగితం మీద తీరిగ్గా, ముత్యం పక్కన ముత్యం పేర్చినట్టు రాశారు. చివర సంతకం చేసి, ఇంకు ఆరడానికి ఊది ఇచ్చారు.

'మీ బోధన వల్ల విధ్యార్థులకు భాద కలుగుచున్నదని మూడు నెలల అభిప్రాయములు తెలుపుచున్నందున మిమ్ము విధుల నుండి తొలగించడమైనది.'

బోధన ఒక్కటీ సరిగ్గా ఉంది. అది నిచ్చెన వేయించి నేర్పిన మాట.

ఒత్తుల మేడమ్ సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. 'విధ్యార్థులకు' చుట్టూ ఒక సున్నా, 'భాద' చుట్టూ ఒక సున్నా చుట్టింది. తర్వాత మూడు నెలల చీటీల్లోంచి తీసిన ఎనిమిదింటిని దాని పక్కన వరసగా అతికించినట్టు పెట్టింది. వాటి మీదా ఎర్ర సున్నాలు ఉన్నాయి.

"ఏమిటిది మేడమ్ గారూ?"

"డిక్టేషన్ దిద్దుతున్నాను సార్."

బ్యాంకు అధికారి ముందుకు వంగాడు. చీటీలు ఒక్కొక్కటీ చదివాడు, కాగితం చదివాడు, మళ్ళీ చీటీలు చూశాడు.

"ఈ మాట మేడమ్ నాతో వందసార్లు రాయించింది" అన్నాడు తన తెలుగులో, ఒక్కో మాట తూకం వేసుకుంటూ. "నేను బాద, బాద అని రాసేవాణ్ణి. మా వాళ్ళందరూ అలాగే రాస్తారు. ఒత్తు రెండో అక్షరానికి సార్. మొదటి దానికి ఎవరు పెడతారు?"

"టైపింగ్‌లో ఏదో..." అన్నారు డైరెక్టరు గారు.

"ఇది పెన్నుతో రాశారు కదా సార్, ఇప్పుడే" అంది ఒత్తుల మేడమ్. "మెట్ల దగ్గర నోటీసు కూడా పెన్నుతోనే. హాజరు పట్టీ తెచ్చాను. రెండో నెల వచ్చింది ఎనిమిది మంది, చీటీలు పదకొండు. నైట్ డ్యూటీ నర్సు మానేసిన మూడు వారాలకి కూడా చీటీ రాసింది. అంత అభిమానం ఎవరికుంటుంది సార్?"

బంతి మేడమ్ మొహం తిప్పుకుని కిటికీలోంచి పరుపుల షాపు బోర్డు చదవడం మొదలుపెట్టింది. డైరెక్టరు గారి మొహం ఎనిమిదేళ్ళ కిందట నిచ్చెన కింద ఎంత ఎర్రబడిందో అంతే ఎర్రబడింది. ఆమె ఈసారి దాన్ని బాగా చూసుకుంది. మర్చిపోకుండా ఉండేంత సేపు చూసుకుంది.

"మా వాళ్ళు మేడమ్ దగ్గరే చదువుతారు" అన్నాడు బ్యాంకు అధికారి లేస్తూ. "మేడమ్ లేకపోతే మేము ఇంకో బడి చూసుకుంటాం. టాబ్ తాళం కూడా మేడమ్‌కి ఇవ్వండి సార్."

రాజీనామా కాగితం డైరెక్టరు గారే చింపారు. తన చేత్తో రాసినదాని మీదకి చెయ్యి చాపేసరికి, ఒత్తుల మేడమ్ దాన్ని మడిచి సంచిలో పెట్టేసుకుంది.

"నాకు రాసిన ఉత్తరం కదా సార్. నా దగ్గరే ఉండనివ్వండి."

మర్నాటి నుంచి ఏడున్నర క్లాసులో ఒత్తుల పాఠానికి కొత్త ఉదాహరణ వచ్చింది. ఎవరు రాశారో ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బోర్డు మీద 'విధ్యార్థులకు భాద' అని రాసి, ఒక్కొక్కర్నీ పిలిచి దిద్దించింది. చివరికి అందరితో గొంతెత్తి చదివించింది. "బా, ఒత్తు లేదు. ధ, ఒత్తు ఉంది." క్లాసు గోడలో సగం గాజే. డైరెక్టరు గారు క్యాబినుకి వెళ్ళాలంటే ఆ గాజు పక్క నుంచే వెళ్ళాలి. మొదటి వారం ఆయన తల దించుకుని వెళ్ళారు. రెండో వారం నుంచి తొమ్మిది దాటాక రావడం మొదలుపెట్టారు. ఆమె ఒత్తుల పాఠాన్ని తొమ్మిదింబావు క్లాసుకి కూడా పొడిగించింది.

"ఇంక చాల్లే" అన్నాడు ఇంట్లో ఆయన.

"ఇంకో నెల" అంది.

ఆ నెల్లోనే ఒక మధ్యాహ్నం నర్సు వచ్చింది, చదివిన నెలలకు సర్టిఫికెట్ కావాలని. యూనిఫాం లేదు, మామూలు బట్టల్లో ఉంది. ఒత్తుల మేడమ్ కౌంటరు దగ్గరికి వెళ్ళింది. ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంది కానీ, వరస తప్పింది.

"ఆ చీటీ నువ్వు రాయలేదు. నాకు తెలిసింది."

"నేను అప్పుడే చెప్పాను మేడమ్."

"చెప్పావు. నేను వినలేదు. తప్పు నాది." ఆమె నోట ఆ రెండు మాటలు పక్కపక్కన రావడం రిసెప్షనిస్టు అంతకుముందు వినలేదు. "మళ్ళీ రా. పొద్దుట నీ కుర్చీ ఖాళీగానే ఉంది."

నర్సు కాసేపు ఆలోచించింది. మాటలు ఏరుకుంటోందని ఆమెకు తెలుసు.

"వద్దు మేడమ్. మా వార్డులో ఆయమ్మ ఉంది. ఆమె మాకు నేర్పుతోంది. మేము ముగ్గురం రోజూ డ్యూటీ అయ్యాక అక్కడే కూర్చుంటాం. మేము అక్కడే బాగున్నాం."

ఒత్తుల మేడమ్ చెయ్యి అలవాటుగా నోటుబుక్కు మీదకి వెళ్ళి ఆగిపోయింది.

"తప్పు మాట్లాడానా మేడమ్?"

"లేదు. అంతా సరిగ్గానే ఉంది."

సర్టిఫికెట్ ఇస్తూ రిసెప్షనిస్టు అలవాటు ప్రకారం టాబ్ ముందుకు జరిపింది, వెళ్ళేవాళ్ళు కూడా నింపాలి కాబట్టి. నర్సు ఒక మొహం నొక్కింది. రెండు లైన్లు రాయడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఇద్దరికీ నమస్కారం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తాళం ఇప్పుడు ఒత్తుల మేడమ్ దగ్గరే ఉంది కాబట్టి చీటీ వెంటనే కొట్టించుకుంది. అయిదుకి రెండు.

'మేడమ్ బాగా నేర్పుతుంది. కాని ఆ రోజు మాకు బాద అయింది.'

చుట్టుకుపోతున్న చీటీని కౌంటరు మీద అరచేత్తో సాపు చేసింది. రెండు మార్కులు న్యాయమేననిపించింది. ఎర్ర పెన్ను తీసి, 'ద' కింద ఒక గీత గీసింది. తర్వాత దాన్ని నోటుబుక్కులో నర్సు పేజీలో పెట్టి, క్లాసుకి వెళ్ళింది.